తారు పట్టీ

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన నాలుగో ఏడు జరిగిందిది.

సబ్బుల ఫ్యాక్టరీ. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. పై అంతస్తుకు ఎక్కుతున్న కాస్టిక్ నీళ్ల డ్రమ్ము తాడు తెగి కిందపడింది. కింద మేస్త్రీ ఉన్నాడు.

లేవలేదు.

ఒంటిగంటకల్లా పోలీసులు తాడు మనిషిని పట్టుకుపోయారు. పైనుంచి చక్రం తిప్పి డ్రమ్ములు లాగడం అతని పని. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని గిలక అంటారు. చనిపోయిన మేస్త్రీకి స్వయానా బావమరిది.

ఇన్‌స్పెక్టర్ ఆ రోజు వేరే ఊరి కోర్టులో సాక్ష్యం చెబుతున్నాడు. మర్నాడు పది గంటలకు స్టేషన్‌కు వచ్చాడు. మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది.

"మేస్త్రీ భార్య సార్," హెడ్ కానిస్టేబుల్ గొంతు తగ్గించాడు. "లోపలున్నవాడికి అక్క. పొద్దున్నుంచీ కదల్లేదు."

"ఏం కావాలంట?"

"అదే తెలీడం లేదు. తమ్ముణ్ణి వదలమనీ అనదు. ఉరి తియ్యమనీ అనదు."

ఇన్‌స్పెక్టర్ ఆమె ముందు ఆగాడు. ఆమె తల పైకెత్తింది. కళ్లు తడిగా లేవు. ఎండిపోయి ఉన్నాయి.

"అయ్యా, ఒక్కటి చెప్పండి చాలు. మావాడు చేశాడా, చెయ్యలేదా? చేస్తే నాకు తమ్ముడు లేడు. చెయ్యకపోతే ఇంటికెళ్లి వాడికి అన్నం వండుకొస్తా. ఈ రెంటి మధ్యా కూచోలేకపోతున్నా."

ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కాడు. లోపలికి వెళ్లాడు.

"ఎప్పుడు కోర్టుకు?"

"సాయంత్రం ఐదుకు సార్. హత్య కింద కట్టేశాం. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది కేసు." హెడ్ కానిస్టేబుల్ వేళ్లు మడిచాడు. "ఒకటి, పగ. ముందురోజు డ్రమ్ము కింద నిలబడి బీడీ కాల్చాడని మేస్త్రీ వాణ్ణి అందరి ముందూ చెంప మీద కొట్టాడు. రెండు, మాట. డ్రమ్ము పడేముందు వీడు పైనుంచి అరిచాడు. 'ఏం పోశావు బావా ఇందులో, నీ శవాన్నా?' అని. పైన పనిచేసే పదిమంది విన్నారు. మూడు, తాడు. డ్రమ్ముకు కట్టిన ముక్క చూశా. కత్తితో కోసినట్టు సాఫీగా ఉంది."

"పై ముక్క?"

"పై ముక్క ఏంటి సార్?"

"తాడు తెగితే రెండు ముక్కలవుతుంది."

హెడ్ కానిస్టేబుల్ మీసం సవరించుకున్నాడు. "అది పైకెగిరి దూలం దగ్గర కప్పీలో ఇరుక్కుంది సార్. కిందంతా కాస్టిక్ తడి. నిచ్చెన వెయ్యలేదు."

ఇన్‌స్పెక్టర్ లాకప్ తలుపు తీయించాడు.

గిలక గోడకు ఆనుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. భుజాలు దూలాల్లా ఉన్నాయి. మొహం మాత్రం చిక్కిపోయింది.

"ఆ మాట అన్నావా?"

"అన్నా సార్."

"ఎందుకు?"

"బరువు సార్. చక్రం తిప్పుతుంటే భుజాలు ఊడొచ్చాయి. నాలుగేళ్లుగా రోజూ అదే బరువు ఎత్తుతున్నా. నిద్రలో లేపి ఎత్తమన్నా పోల్చుకుంటా. అది మా బరువు కాదు."

"మీ బరువు ఎంత?"

"కిలోల్లో తెలీదు. చేతికి తెలుసు."

"డ్రమ్ము నింపింది ఎవరు?"

"నింపేటప్పుడు నేను చక్రం దగ్గర లేను సార్. రోజూ బావే నింపుతాడు. ఆయనే అనుకుని ఆ మాటన్నా."

"ఆయన ఏమన్నాడు?"

"తోక తాడు పట్టుకుని తలెత్తి చూశాడు. డ్రమ్ము ఊగకుండా కింద ఒకరు తోక తాడు పట్టుకోవాలి సార్. చూసి, 'పట్టీ ఏదిరా? దించు, దించెయ్' అన్నాడు. దించుదామని చక్రం వెనక్కి తిప్పా." గిలక ఆగాడు. "చేతిలో చక్రం తేలికైపోయింది."

"'పట్టీ ఏదిరా' అన్నాడా?"

"అవును సార్. నిన్నటి నుంచి చెబుతూనే ఉన్నా."

హెడ్ కానిస్టేబుల్ కల్పించుకున్నాడు. "పట్టీ అంటాడు, గిట్టీ అంటాడు. డ్రమ్ముకు నల్ల పట్టీ ఉంది సార్. నేనే చూశా. పంచనామాలో రాశా."

ఇన్‌స్పెక్టర్ పంచనామా తెప్పించి ఆ పంక్తి చదివాడు. తర్వాత జీపు తియ్యమన్నాడు.

పదకొండు గంటల పది నిమిషాలకు ఫ్యాక్టరీలో ఉన్నారు.

గోడల మీద ఛాతీ ఎత్తున వరద మరక ఇంకా ఉంది. మూలన పెద్ద కాటా. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాని పళ్లెం మీద చీపుర్లు పెట్టారు. నడిమధ్య పై అంతస్తు నేలలో చదరపు కంత. దాని కింద ఆ డ్రమ్ము పక్కకు ఒరిగి ఉంది.

కాస్టిక్ చిమ్మినచోటల్లా నేల తెల్లబడింది. డ్రమ్ముకున్న నీలం రంగు పొక్కులు లేచి పెచ్చులుగా ఊడింది. చుట్టూ ఒక నల్ల పట్టీ మాత్రం నిగనిగలాడుతోంది.

"చూశారా సార్, పట్టీ," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"చూశా."

స్టోరు చూసే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. నడుముకు తాళాల గుత్తి. నోరు కూడా ఆ గుత్తిలాగే గలగలమంటుంది.

"ఈ పట్టీ ఏంటమ్మా?"

"మా మేస్త్రీ తెలివి సార్ అది. వరదకు కాటా పోయింది. తూచడానికి లేదు. తాడేమో రెండొందల కిలోలకు మించి మొయ్యదు. ఒట్టి డ్రమ్మే ఇరవై. ఇంక లోపల పోసేది నూట ఎనభై దాటకూడదు. కొబ్బరినూనె తేలిక. అంచుదాకా రెండొందల లీటర్లు పోసినా నూట ఎనభై కిలోలే తూగుతుంది. కాస్టిక్ నీళ్లు మహా బరువు. లీటరుకు కిలోన్నర. నూట ఇరవై లీటర్లకే నూట ఎనభై అయిపోతుంది."

"మేస్త్రీ చదువుకున్నాడా?"

"ఆయనా? సంతకం రాదు. ఇరవై లీటర్ల క్యానుతో ఒక క్యాను నూనె, ఒక క్యాను కాస్టిక్ బజారుకు మోసుకెళ్లి తూయించాడు. వచ్చి డ్రమ్ములో ఆరు క్యాన్లు కాస్టిక్ పోసి, ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ పట్టీ కొట్టాడు. పట్టీ ఉంటే కాస్టిక్ డ్రమ్ము. పట్టీ దాకానే పొయ్యాలి. పట్టీ లేకపోతే నూనె డ్రమ్ము. అంచుదాకా పోసుకోవచ్చు. చదువురాని వాళ్లకు కూడా ఇంక లెక్కతో పనిలేదు."

"దేంతో కొట్టాడు?"

"తారుతో. రంగైతే కాస్టిక్ తినేస్తుంది సార్. తారును ఏం చెయ్యలేదు."

ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. గోడవారన కాస్టిక్ ట్యాంకు ఉంది. పక్కన నిలువుగా గాజు గొట్టం. లోపల ఎంత ఉందో ఆ గొట్టంలో కనిపిస్తుంది. గోడ మీద సుద్దతో 600 అని రాసి ఉంది.

"అది నిన్న తొమ్మిదింటికి నేను రాసింది," అంది ఆవిడ. "ఆ తర్వాత పైకి పోయింది ఈ ఒక్క డ్రమ్మే. ఇంక మీరొచ్చి తాళాలేశారు."

"ఆరు క్యాన్లు పోతే ఇప్పుడు ఎంతుండాలి?"

"నాలుగొందల ఎనభై."

"చూడండి."

ఆవిడ వంగి గొట్టం చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తాళాల గుత్తి చప్పుడు ఆగిపోయింది.

"నాలుగొందల ఇరవై," అంది మెల్లగా. "అరవై లీటర్లు ఏమైనట్టు?"

అప్పుడే వెనక నుంచి మాట వినపడింది. "ట్యాంకు కారుతుంటుంది ఇన్‌స్పెక్టర్ గారూ."

యజమాని అల్లుడు. రెండు నెలలుగా ఫ్యాక్టరీ చూసుకుంటున్నాడు. పెద్ద చదువు. ఇస్త్రీ నలగని చొక్కా. అందరికీ అల్లుడుగారు.

"కారితే కింద నేల తెల్లబడాలి కదా అల్లుడుగారూ," అంది స్టోరు ఆవిడ. ట్యాంకు కింద నేల నల్లగా, పొడిగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగాడు.

"డ్రమ్ము నింపింది ఎవరు?"

"మేస్త్రీయే."

"చూశారా?"

"రోజూ ఆయనే కదండీ నింపేది. నేను ఆఫీసు గదిలో ఉన్నాను. చప్పుడు విని వచ్చాను."

"తర్వాత?"

"అందరూ కలిసి మేస్త్రీని బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. గిలక కూడా వెళ్లాడు. ఎవరో ఒకరు ఉండాలి కదా. పోలీసులు వచ్చేదాకా నేను కాపలా ఉన్నాను."

"ఎంతసేపు?"

"యాభై నిమిషాలు."

"ఒక్కరే?"

"ఒక్కణ్ణే."

ఆ మాట కాస్త గర్వంగానే అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నిచ్చెన తెప్పించాడు. బూట్లు విప్పి తానే ఎక్కాడు. కప్పీలో ఇరుక్కున్న తాడు ముక్కను చాలాసేపు చూశాడు. దిగి వచ్చి ఫొటో తియ్యమన్నాడు. తర్వాత ప్యాకింగ్ గదికి వెళ్లాడు. అక్కడ పెట్టెల మీద ఫ్యాక్టరీ పేరు వేసే నల్లరంగు డబ్బా ఉంది. బ్రష్షు లేదు.

టైమ్ పన్నెండు యాభై.

"మూడున్నరకు అందరినీ ఇక్కడికి పిలు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్‌తో. "గిలకను కూడా. వాళ్ల అక్కను కూడా."

"ఐదుకు కోర్టు సార్."

"తెలుసు."

మూడున్నర.

యజమాని కుర్చీలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా సబ్బులు చేస్తున్న పెద్దాయన. పక్కన అల్లుడు. ఇవతల స్టోరు ఆవిడ. బేడీలతో గిలక. గుమ్మంలో అతని అక్క. లోపలికి రాలేదు. తమ్ముడి వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టించినవి ఇవి. పడిపోయిన డ్రమ్ము. పై అంతస్తు నుంచి మెట్ల మీదుగా దింపించిన ఇంకో పట్టీ డ్రమ్ము. మూతలు పెట్టిన రెండు క్యాన్లు. ఒక బక్కెట్లో వేడి కాస్టిక్.

స్టోరు ఆవిడ రబ్బరు తొడుగులు వేసుకుంది. రెండు గుడ్డలు కాస్టిక్‌లో ముంచింది. ఒకటి ఈ డ్రమ్ము పట్టీ మీద, ఒకటి ఆ డ్రమ్ము పట్టీ మీద చుట్టింది.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూశాడు. "ఇరవై నిమిషాలు."

"దేనికండీ ఇది?" అన్నాడు అల్లుడు.

"తొందరేం లేదు." ఇన్‌స్పెక్టర్ యజమాని వైపు తిరిగాడు. "నూట ఎనభై కిలోల కాస్టిక్ నీళ్లు కావాలి. ఎన్ని లీటర్లు పొయ్యాలి?"

యజమాని నవ్వాడు. "నూట ఎనభై. లీటరంటే కిలోయేగా. చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు."

"లేచి ఆ రెండు క్యాన్లూ ఎత్తండి. రెండూ ఇరవై లీటర్లే."

యజమాని మొదటిది ఎత్తాడు. నూనె. ఎత్తి దించాడు. రెండోదాని పిడి పట్టుకుని లాగాడు. నేల విడవలేదు. రెండు చేతులా లాగాడు. మొహం ఎర్రబడింది.

"మొదటిది పద్దెనిమిది కిలోలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రెండోది ముప్పై. లీటరంటే కిలో అన్నది మంచినీళ్ల లెక్క. మా అమ్మ కావడి మీద కిరసనాయిలు అమ్మేది. నీళ్ల బిందెకీ కిరసనాయిలు డబ్బాకీ తేడా నాకు భుజం మీద తెలుసు. మీ ఫ్యాక్టరీలో అది మేస్త్రీకి తెలుసు, గిలక చేతికి తెలుసు."

యజమాని కూలబడ్డాడు. "ముప్పై ఏళ్లు..." అన్నాడు తనలో తాను.

ఎనిమిది నిమిషాలు గడిచాయి.

"తాడు చూద్దాం. కింది ముక్క కొస కత్తితో కోసినట్టుంది. కప్పీలో ఉన్న పై ముక్క కొస చీపురులా విచ్చుకుపోయి ఉంది. కోసిన తాడైతే రెండు కొసలూ సాఫీగా ఉండాలి. బరువుకు తెగిన తాడైతే రెండూ విచ్చుకోవాలి. ఇక్కడ ఒకటి అలా, ఒకటి ఇలా. అంటే తాడు ముందు తెగింది. తర్వాత ఎవరో కింది కొసను కోశారు. పై కొస అందలేదు. గిలక పైన ఉన్నాడు. అతనికి అందేది పై కొస. కిందిది కాదు."

గుమ్మంలో ఆమె చెయ్యి తలుపు పట్టుకుంది.

"ట్యాంకులో నూట ఎనభై లీటర్లు తగ్గింది. ఆరు క్యాన్లు కాదు, తొమ్మిది. నూట ఎనభై లీటర్లు అంటే రెండొందల డెబ్బై కిలోలు. డ్రమ్ముతో కలిపి రెండొందల తొంభై. తాడు మోసేది రెండొందలు."

"మేస్త్రీ పొరపాటు చేసి ఉండొచ్చు కదా," అన్నాడు అల్లుడు.

"ఉండొచ్చు. కానీ మేస్త్రీ తలెత్తి చూసి ఏమన్నాడు గిలకా?"

"'పట్టీ ఏదిరా' అన్నాడు సార్."

"తాను నింపిన డ్రమ్ము గురించి ఎవడూ అలా అడగడు. అదొకటి. ఇంకొకటి, నాలుగేళ్లుగా తన చేత్తో పట్టీలు కొట్టినవాడు. ఎదురుగా పట్టీ ఉంటే 'ఏది' అని ఎందుకు అంటాడు? గిలక చెబితే ఈ మాట మావాళ్లు విన్నారు. పట్టీ ఉంది కదా అని వదిలేశారు." హెడ్ కానిస్టేబుల్ నేల చూపులు చూశాడు. "పట్టీ ఉన్నది నిజం. మేస్త్రీ చూసినప్పుడు లేకపోవడం కూడా నిజం. అదెలా?"

మళ్లీ వాచీ చూశాడు.

పద్నాలుగు నిమిషాలు. బక్కెట్లోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. అల్లుడి కళ్లు గుడ్డ మీంచి కదలడం లేదు.

పదిహేడు.

పడిపోయిన డ్రమ్ము మీద గుడ్డ అంచు నుంచి నల్లటి చుక్క ఒకటి జారింది. ఇంకొకటి. సన్నని చారై నేల మీదికి దిగింది.

ఇరవై.

"తియ్యమ్మా."

స్టోరు ఆవిడ ముందు రెండో డ్రమ్ము మీది గుడ్డ తీసింది. మేస్త్రీ కొట్టిన తారు. చెక్కుచెదరలేదు. తర్వాత మొదటిది తీసింది. పట్టీ గుడ్డతోపాటే వచ్చేసింది. కింద ఒట్టి ఇనుము.

"పెట్టెల మీద వేసే రంగు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చూడ్డానికి తారులాగే ఉంటుంది. ఇది నూనె డ్రమ్ము. దీనికి పట్టీ ఎప్పుడూ లేదు. డ్రమ్ము పడ్డాక వేశారు. నిన్న పదకొండు ఇరవై నుంచి పన్నెండు పది దాకా దీని దగ్గర ఒక్కరే ఉన్నారు. ఆ సంగతి వారే చెప్పారు."

అందరూ అటే చూశారు.

అల్లుడు కుర్చీ అంచు పట్టుకుని లేచాడు. యజమాని వైపు చూశాడు.

"మామయ్యా, పైనుంచి కాస్టిక్ పంపమని కేకలేశారు. మేస్త్రీ నూనె గదిలో ఉన్నాడు. పట్టీ డ్రమ్ములన్నీ పైనే ఉండిపోయాయి. దొరికిన డ్రమ్ము తీసుకున్నాను. లెక్కల పుస్తకంలో డ్రమ్ముకు నూట ఎనభై కిలోలు అని ఉంది. లీటరంటే కిలోయే అనుకున్నాను. తొమ్మిది క్యాన్లు పోశాను. కట్టి, ఎత్తమని తాడు కుదిపాను. ఆయన వచ్చి తోక తాడు పట్టుకుంటే నేను గదిలోకి వెళ్లిపోయాను. చంపాలని కాదు. దేవుడి మీద ఒట్టు, చంపాలని కాదు."

"తెలుసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "డ్రమ్ము నింపడం పొరపాటు. తాడు కొయ్యడం పొరపాటు కాదు."

"రెండు నెలలేగా అయింది వచ్చి. మీరేమంటారోనని..."

యజమాని మొహం తిప్పుకున్నాడు. "నన్నడిగినా నూట ఎనభయ్యే చెప్పేవాణ్ణి," అన్నాడు గోడతో. "కానీ ఇంకొకడి మెడకు ఉరి తగిలించేవాణ్ణి కాదురా."

హెడ్ కానిస్టేబుల్ గిలక బేడీలు విప్పాడు. వాటినే పట్టుకుని అల్లుడి వైపు నడిచాడు. నాలుగు గంటల ఐదు నిమిషాలు.

గిలక మణికట్లు రుద్దుకుంటూ అక్కడే నిలబడిపోయాడు. గుమ్మం వైపు వెళ్లలేదు. అక్కే లోపలికి వచ్చింది. డ్రమ్మును దాటింది. తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"తిన్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "అక్కా, బావతో చివర్న నేనన్న మాట..."

"మీ ఇద్దరూ మంచిగా మాట్లాడుకున్నది ఎప్పుడురా?" అంది. అప్పుడు ఏడ్చింది. నిన్నటి నుంచి దాచిందంతా ఏడ్చింది.

పైన కాగులో నూనె సగం కాగి ఆగిపోయి ఉంది. ఇంకో రోజు ఆగితే రాయిలా గడ్డకట్టుకుపోతుంది. యజమాని అడిగితే ఇన్‌స్పెక్టర్ సీలు తీయించాడు.

మర్నాడు ఉదయం ఏడింటికి కొత్త తాడు కట్టారు. గిలక పైన చక్రం దగ్గర నిలబడ్డాడు. కింద మేస్త్రీ పట్టీ డ్రమ్ము సిద్ధంగా ఉంది. తోక తాడు నేల మీద పడి ఉంది. పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పైనుంచి గిలక చూస్తున్నాడు. చక్రం ఇంకా తిప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ కాగితాల మీద సంతకం పెట్టించుకోవడానికి వచ్చాడు. కాగితాలూ టోపీ హెడ్ కానిస్టేబుల్ చేతికిచ్చాడు. వెళ్లి కంత కింద తోక తాడు తీసి చేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. డ్రమ్ములోకి వంగి చూశాడు. బయట పట్టీ మీద వేలు పెట్టి చూశాడు. తల పైకెత్తాడు.

"పట్టీ ఉంది," అన్నాడు. "ఎత్తు."